తెరపై ఒక్క చుక్క... 26 బైట్లలో!

‘1978లో వచ్చిన 8086ని ఇప్పుడెందుకు చదవాలి?’ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఒక బ్యాచ్ అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. మైక్రోప్రాసెసర్స్ ల్యాబ్‌లో మనం చేసే పని ఏంటో ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు సంఖ్యలు కూడటం, పది సంఖ్యల్లో పెద్దది వెతకడం, స్ట్రింగ్‌ను తిరగేయడం. ట్రైనర్ కిట్ మీద హెక్స్ కోడ్ నొక్కి, ఫలానా అడ్రసులో ఫలానా విలువ వచ్చిందని రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడం. ఆ రికార్డు కూడా సీనియర్‌ది చూసి దించిందే, రేపు మీది చూసి జూనియర్ దించుకుంటాడు. లోపల ఏం జరిగిందో కంటికి కనిపించదు. కనిపించని దానిమీద ఇష్టం ఎక్కడ పుడుతుంది?

అందుకే ఆ సబ్జెక్టు వేస్ట్ అని తీర్పు చెప్పే ముందు ఒక పని చేసి చూడమంటాను. అదే అసెంబ్లీతో, ఏ లైబ్రరీ సాయం లేకుండా, తెర మధ్యలో ఒక్క ఎర్ర చుక్క పెట్టండి.

సీలో గ్రాఫిక్స్ ల్యాబ్ చేసినవాళ్లకు పుట్‌పిక్సెల్ గుర్తుండే ఉంటుంది. టర్బో సీ తెరిచి, ఇనిట్‌గ్రాఫ్‌కు బీజీఐ ఫోల్డర్ దారి ఇచ్చి (ఆ దారి తప్పు పడి ఎర్రర్ చూడని విద్యార్థి అరుదు), ఎక్స్, వై, రంగు రాస్తే చుక్క వస్తుంది. ఎలా వచ్చింది? పుట్‌పిక్సెల్ పెట్టింది. మరి పుట్‌పిక్సెల్ ఎలా పెట్టింది? మనలో చాలామంది ఇక్కడ ఆగిపోతాం. ఇంటర్వ్యూలో రెజ్యూమె చూస్తున్నవారు అసలు మొదలుపెట్టేది ఇక్కడి నుంచే.

కావలసిన సామాను రెండే. నాస్మ్ అనే అసెంబ్లర్, డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్. రెండూ ఉచితం. 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు కాబట్టి డాస్‌బాక్స్ అవసరం. కొత్త విండోస్ ఉన్న ల్యాబుల్లో టర్బో సీ నీలం తెర కనిపిస్తోందంటే సాధారణంగా వెనక నడుస్తున్నది అదే. అంటే సగం సామాను మీ దగ్గర ఇప్పటికే ఉండొచ్చు.

1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతోపాటు వీజీఏ అనే డిస్‌ప్లే పద్ధతిని తెచ్చింది. అందులో 13హెచ్ అని ఒక మోడ్ ఉంది. చివరి ‘హెచ్’ హెక్సాడెసిమల్‌కు గుర్తు, మామూలు లెక్కలో అది 19. ఈ మోడ్‌లో అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. ఒక్కో చుక్కకు సరిగ్గా ఒక బైట్. ఆ బైట్‌లో ఉండేది రంగు నంబరు, కాబట్టి ఒకేసారి 256 రంగులు. మొత్తం తెరకు 64,000 బైట్లు. ఇంత శుభ్రమైన ఏర్పాటు తర్వాతి కాలంలో దొరకడం కష్టం. నేర్చుకునేవాళ్లకు ఇప్పటికీ దీన్నే సిఫార్సు చేయడానికి కారణం అదే.

ఇక ప్రోగ్రాం. ఏఎక్స్ రిజిస్టర్‌లో 13హెచ్ వేసి, ఇంటరప్ట్ 10హెచ్ పిలవండి. బయోస్ తెరను గ్రాఫిక్స్ మోడ్‌లోకి మారుస్తుంది, అంతా నల్లబడుతుంది. తర్వాత ఏఎక్స్‌లో హెక్స్ ఏ000 వేసి, దాన్ని ఈఎస్‌లోకి పంపండి. సెగ్మెంట్ రిజిస్టర్‌లోకి అంకెను నేరుగా పంపడం 8086లో కుదరదు, అందుకే ఈ చుట్టుదారి. ‘ఎందుకు కుదరదు, మరేం చేస్తారు’ అని వైవాలో అడుగుతారు చూడండి, దాని అవసరం తెలిసేది ఇక్కడ. డీఐలో 32160. ఏఎల్‌లో 4, అంటే ఎరుపు. ఆ తర్వాత స్టాస్‌బీ. చుక్క పడింది! కీ నొక్కేదాకా ఆగడానికి ఏహెచ్‌లో 0 పెట్టి ఇంటరప్ట్ 16హెచ్. మళ్లీ టెక్స్ట్ మోడ్‌కు రావడానికి ఏఎక్స్‌లో 3 పెట్టి ఇంటరప్ట్ 10హెచ్. చివర్లో రెట్.

మొత్తం 12 ఇన్‌స్ట్రక్షన్లు. కామ్ ఫైలుగా అసెంబుల్ చేస్తే సైజు 26 బైట్లు. పోల్చి చూడాలంటే, ‘తెరపై చుక్క’ అనే రెండు మాటల్ని యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే 31 బైట్లు అవుతుంది. పని చేసే ప్రోగ్రాం దాని పేరుకన్నా చిన్నదన్నమాట.

32160 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. ఎందుకంటే ఈ వ్యాసం మొత్తంలో మీరు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇదొక్కటే.

సినిమా హాల్లో సీట్లకు ఏ1, బీ7 అని కాకుండా, మొదటి వరస మొదటి సీటు నుంచి చివరిదాకా ఒకే వరస నంబర్లు వేశారనుకోండి. లెక్క సున్నాతో మొదలు. వరసకు 320 సీట్లు. మీరు 100 వరసలు దాటి, ఆ తర్వాతి వరసలో 160 సీట్లు దాటి కూర్చోవాలి. 100ని 320తో హెచ్చవేసి 160 కలిపితే 32,160. తెర మధ్య చుక్క చిరునామా అదే. మెమరీకి అడ్డం, నిలువు అంటూ ఏమీ తెలియవు. దానికి తెలిసింది ఒకటే పొడవాటి వరస. దీర్ఘచతురస్రాకారపు తెర అనేది వై × 320 + ఎక్స్ అనే మన లెక్కలో మాత్రమే ఉంది.

ఏ000 సంగతి కూడా చూద్దాం. 8086లో సెగ్మెంట్‌ను 16తో హెచ్చవేసి ఆఫ్‌సెట్ కలిపితే అసలు అడ్రసు వస్తుందని పరీక్షలో రాశారు కదా. హెక్స్ ఏ000ని 16తో హెచ్చవేయండి. 6,55,360 వస్తుంది, అంటే సరిగ్గా 640 కేబీ. డాస్ కాలంవాళ్లు చెప్పుకునే ‘640 కేబీ హద్దు’ ఇదే. అక్కడితో మామూలు ప్రోగ్రాముల చోటు అయిపోయి, డిస్‌ప్లే మెమరీకి కేటాయించిన చోటు మొదలవుతుంది. ఒక సెగ్మెంట్‌లో పట్టేది 65,536 బైట్లు, మన తెరకు కావలసింది 64,000. ఒక్క సెగ్మెంట్‌లో తెరంతా ఇమిడిపోయింది కాబట్టే మన పని ఇంత సులువైంది. మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రం ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు కావాలనే ఒక తప్పు చేయండి. ఎక్స్ 325, వై 10 దగ్గర చుక్క పెట్టండి. తెర వెడల్పు 320 మాత్రమే, అలాంటి చోటే లేదు. ఏమవుతుంది? ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఒక వరస కింద, ఎడమవైపు ఎక్స్ 5, వై 11 దగ్గర చుక్క నిశ్శబ్దంగా వెలుగుతుంది. లెక్క ప్రకారం రెండూ ఒకే చిరునామా మరి.

సీలో అరే హద్దు దాటితే ఏమవుతుందని అడిగితే మనవాళ్లు టక్కున చెప్పే జవాబు ‘గార్బేజ్ వేల్యూ వస్తుంది సర్’. భాష నిబంధనల ప్రకారం ఫలితం ఇదీ అని ముందే చెప్పలేమన్నది నిజమే. కానీ చదివితే గార్బేజ్, మరి రాస్తే? పక్కవాడి డేటా మీద రాసేస్తున్నారు. సెక్యూరిటీవాళ్లు బఫర్ ఓవర్‌ఫ్లో అంటూ తలపట్టుకునేది దీని గురించే. పక్క వరసలో వెలిగిన ఆ చుక్కను ఒకసారి చూసినవాళ్లు ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్నకు ఉదాహరణతో జవాబు చెప్పగలరు. వినేవాళ్లకు తేడా ఇట్టే తెలిసిపోతుంది.

గుణకారం ఖరీదు

చుక్క పెట్టడానికి బయోస్‌లోనే ఒక సర్వీసు ఉంది. ఏహెచ్‌లో 0సీ, ఏఎల్‌లో రంగు, సీఎక్స్‌లో ఎక్స్, డీఎక్స్‌లో వై పెట్టి ఇంటరప్ట్ 10హెచ్ పిలిస్తే సరిపోతుంది, చిరునామా లెక్క మనకు అక్కర్లేదు. దానితో తెరంతా నింపాలంటే 64,000 సార్లు ఇంటరప్ట్ పిలవాలి. అదే నేరుగా మెమరీలో రాస్తే సీఎక్స్‌లో 64,000 పెట్టి ఒక్క రెప్ స్టాస్‌బీతో పని అయిపోతుంది. రెండూ రాసి, డాస్‌బాక్స్ వేగం తగ్గించి నడపండి. మొదటిది తెరను మెల్లగా నింపుకుంటూ పోతుంటే మీకే కనిపిస్తుంది. ‘లూప్‌లో పదేపదే సిస్టం కాల్ వద్దు, ఒకేసారి రాయండి’ అని ఏ ఆఫీసులోనైనా సీనియర్లు చెప్పే సలహా పుట్టింది ఇలాంటి చోటే.

వైని 320తో హెచ్చవేయడం కూడా చవక కాదు. 8086లో 16 బిట్ల రిజిస్టర్‌తో మల్ ఇన్‌స్ట్రక్షన్‌కు 118 నుంచి 133 క్లాక్‌లు పడుతుంది. ఒక బిట్ షిఫ్ట్‌కు పట్టేది 2 క్లాక్‌లు. అందుకే ఆ కాలంవాళ్లు 320ని 256, 64గా విడగొట్టారు. వైని ఏహెచ్‌లో వేసి ఏఎల్‌ను సున్నా చేస్తే చాలు, ఏఎక్స్‌లో వై × 256 తయారు. దాని కాపీని రెండుసార్లు కుడికి జరిపితే వై × 64. రెండూ కలపండి. వై 100 అయితే 25,600, 6,400 కలిసి 32,000. ఎక్కడా గుణకారమే లేదు.

‘ఇవన్నీ ఇప్పుడు కంపైలరే చేస్తుంది కదా’ అంటారు. అవును, చేస్తుంది. వైని 320తో గుణించే రెండు లైన్ల సీ ఫంక్షన్ రాసి, జీసీసీకి ఓ2, ఎస్ ఆప్షన్లు ఇచ్చి అసెంబ్లీ బయటికి తీయండి. మామూలు ల్యాప్‌టాప్‌లో గుణకార ఇన్‌స్ట్రక్షన్ కనిపించదు. 5 రెట్లు చేసే ఒక లియా, ఆరు బిట్ల షిఫ్ట్ ఉంటాయి. 5 × 64 అంటే 320. పాతవాళ్లు కాగితం మీద చేసిందే, ఇంకాస్త తెలివిగా. నా అభిప్రాయంలో ఇవాళ్టి ఇంజినీరుకు కావలసిన నైపుణ్యం ఇదే. అసెంబ్లీలో పెద్ద ప్రోగ్రాములు రాయనక్కర్లేదు, కంపైలర్ రాసింది చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. క్రిస్ సాయర్ 1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్ గేమ్‌ను దాదాపు మొత్తం అసెంబ్లీలోనే రాశారు. గొప్పే, కాదనను. మీరు మాత్రం ఆ దారి పట్టొద్దు.

గ్రాఫిక్స్ పేపర్‌లో ఏటా కనిపించే బ్రెసెన్‌హామ్ లైన్ అల్గారిథం సంగతి కూడా చెప్పాలి. డెసిషన్ పారామీటర్ సూత్రాన్ని బట్టీపట్టి రాసేవాళ్లే ఎక్కువ, అసలు అదెందుకు పుట్టిందో అడిగేవాళ్లు తక్కువ. జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో ఐబీఎంలో దాన్ని తయారుచేశారు, 1965లో ప్రచురించారు. వై = ఎంఎక్స్ + సీ ఉండగా ఇంకొకటి ఎందుకు? వాలు ఎం సాధారణంగా భిన్నం అవుతుంది. 8086కు భిన్నాల లెక్క సొంతంగా రాదు, దానికి 8087 అనే వేరే చిప్ కావాలి. ఆ చిప్ లేకుండా వాలు గీత గీయడానికి కూర్చుంటే పదిహేను నిమిషాల్లో బ్రెసెన్‌హామ్ విలువ తెలుస్తుంది. ఆయన పద్ధతిలో కూడికలు, తీసివేతలు, ఒక పోలిక తప్ప లూప్‌లో ఇంకేమీ ఉండవు.

ఉద్యోగానికి ఏం ఒరుగుతుంది?

సూటిగా చెబుతాను. ‘13హెచ్ మోడ్ వచ్చా?’ అని ఎవరూ అడగరు. ఆ మోడ్‌ను ఈరోజు కంపెనీల్లో ఎవరూ వాడటం లేదు. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టంలు మామూలు ప్రోగ్రాములను డిస్‌ప్లే మెమరీ దగ్గరికి నేరుగా రానివ్వవు కూడా. కానీ వై × వెడల్పు + ఎక్స్ అనే లెక్క మాత్రం ఎక్కడికి వెళ్లినా వెంట వస్తుంది.

ఎంబెడెడ్ వైపు చూడండి. ప్రాజెక్టుల్లో ఈఎస్‌పీ32తోనో ఆర్డుయినోతోనో వాడే చిన్న ఓఎల్‌ఈడీ తెరల్లో ఎస్‌ఎస్‌డీ1306 అనే కంట్రోలర్ ఎక్కువగా కనిపిస్తుంది. 128 × 64 చుక్కలు, ఒక్కో చుక్కకు ఒక్క బిట్, మొత్తం 1,024 బైట్లు. అయితే అక్కడ ఒక బైట్‌లోని ఎనిమిది బిట్లు పక్కపక్కన ఉండవు, నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కాబట్టి బైట్ చిరునామా కోసం వైని 8తో భాగించి వచ్చిన భాగఫలాన్ని 128తో హెచ్చవేసి ఎక్స్ కలపాలి. శేషం ఏ బిట్టో చెబుతుంది. లైబ్రరీ కాపీ కొట్టినవాళ్లు అక్షరాలు చెదిరిపోయినప్పుడు ఇంకో లైబ్రరీ వెతుకుతారు. ఈ లెక్క తెలిసినవాళ్లు డేటాషీట్ తెరుస్తారు.

ఏఐ, ఇమేజ్ ప్రాసెసింగ్ వైపు వెళ్లేవాళ్లకూ ఇది తప్పదు. ఓపెన్‌సీవీలో చిత్రాన్ని పైథాన్‌లో తెరిస్తే ముందు వై, తర్వాత ఎక్స్ ఇవ్వాలి. ఎందుకలా? వరసలు ముందు, వరసలో చోటు తర్వాత, మన సినిమా హాలు లెక్కే. చిత్రాన్ని వరసల వెంట కాకుండా నిలువు వెంట తిరిగితే సీ కోడ్ నెమ్మదించడం కూడా అందుకే. నిలువుగా వెళితే ప్రతి అడుగుకూ ఒక వరసంత దూరం దూకాలి, మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో క్యాష్ లైన్ 64 బైట్లే. తెచ్చుకున్న డేటాలో ఎక్కువ భాగం వాడకుండానే వదిలేస్తాం. ఫుల్ హెచ్‌డీ తెరకు చుక్కకు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. సెకనుకు 60 సార్లు మార్చాలంటే దాదాపు 50 కోట్ల బైట్లు. గ్రాఫిక్స్ కార్డు అనే వేరే యంత్రం ఎందుకు పుట్టిందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీల కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఫర్మ్‌వేర్, డివైస్ డ్రైవర్లు, కంపైలర్లు, ఎంబెడెడ్ లాంటి పనుల వైపు వెళ్లాలనుకునే ఫ్రెషర్లకు సీ భాష, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా ఉండాలి. వాళ్లకు ఇది పనికొచ్చే సాధన. అందరికీ ఇదే చెప్పను. మూడు నెలల్లో ప్లేస్‌మెంట్స్ పెట్టుకుని ఎస్‌క్యూఎల్ జాయిన్లు ఇంకా తడబడుతున్నవాళ్లు ముందు ఆ పని చూసుకోండి. వెబ్ డెవలప్‌మెంట్‌లో స్థిరపడాలనుకునేవాళ్లకు ఒక శనివారం సాయంత్రం చాలు, ఒక చుక్క, ఒక గీత. మిగతావాళ్లకు రెండు వారాంతాలు. అంతకు మించి అక్కర్లేదు. అసెంబ్లీ మీద నెలల తరబడి కోర్సులకు డబ్బు కట్టడం దండగ.

‘ఏఐని అడిగితే నిమిషంలో రాసిస్తుంది’ అనే మాట కూడా విన్నాను. రాసిస్తుంది. నాస్మ్ అడిగితే మాస్మ్ పద్ధతి కలిపి ఇవ్వడం కూడా నేను చూశాను. అసెంబుల్ కానప్పుడు బాగుచేయాల్సింది మీరే. ఇంకో సంగతి. కొన్న ప్రాజెక్టైనా, ఏఐ రాసిన ప్రాజెక్టైనా ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకు నిలబడుతుంది. రెండో ప్రశ్న ‘ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?’ అని వస్తుంది. పన్నెండు ఇన్‌స్ట్రక్షన్లలో ఏది తీసేస్తే ఏమవుతుందో మీరు అన్నీ ఒక గంటలో చేసి చూడొచ్చు. కీ కోసం ఆగే రెండింటిని తీసేయండి, చుక్క కనిపించేలోపే తెర టెక్స్ట్ మోడ్‌కు వెళ్లిపోతుంది. ఇంత చిన్న ప్రాజెక్టును మించి పూర్తిగా మీ సొంతం చేసుకోగలిగేది ఇంకొకటి దొరకదు.

చుక్క అయ్యాక ఏం చేయాలని అడిగేవాళ్లకు నేనిచ్చే పని మువ్వన్నెల జెండా. 200 వరసల్లో ఒక్కో రంగుకు 66 వరసలు, అంటే 21,120 బైట్లు. డీఐని సున్నాతో మొదలుపెట్టి, సీఎక్స్‌లో 21,120 వేసి, రెప్ స్టాస్‌బీ మూడుసార్లు. మధ్యలో డీఐని ముట్టుకోనక్కర్లేదు, అది తనంతట తానే జరిగి ఉంటుంది. మొదట్లో సీఎల్‌డీ రాయడం మరవొద్దు. చివర్లో మిగిలే రెండు వరసలు నల్లగా ఉంటాయి, ఉండనివ్వండి. తెలుపు 15, ఆకుపచ్చ 2 నంబర్లలో దొరుకుతాయి. కాషాయం దగ్గరే కాస్త పని. రంగుల పట్టికను మనమే మార్చాలి. హెక్స్ 3సీ8 పోర్టుకు రంగు నంబరు, 3సీ9 పోర్టుకు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు పంపాలి. వీజీఏలో ఒక్కో పాలు 0 నుంచి 63 వరకే. వెబ్‌లో వాడే కాషాయం 255, 153, 51 కాబట్టి నాలుగో వంతు చేసి 63, 38, 12 పంపండి.

ఇక అశోక చక్రం. మిడ్‌పాయింట్ సర్కిల్ అల్గారిథం మీ సిలబస్‌లోనే ఉంది. డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ఆస్పెక్ట్‌ను ట్రూ చేసి చూస్తే మాత్రం మీ గుండ్రటి చక్రం నిలువుగా సాగి కోడిగుడ్డులా కనిపిస్తుంది. కోడ్‌లో తప్పేమీ లేదు. అప్పటి మానిటర్లు 4:3 కొలతలో ఉండేవి. 320 × 200ను అందులో నింపితే ఒక్కో చుక్క వెడల్పు కన్నా ఎత్తు 1.2 రెట్లు ఎక్కువవుతుంది. అందుకని అడ్డంగా 30 చుక్కల వ్యాసార్థం తీసుకుంటే నిలువుగా 25 సరిపోతుంది. 66 వరసల తెల్ల పట్టీలో చక్కగా పడుతుంది.